బీజీపీ సెషన్లకు టీటీఎల్ భద్రత: ఇరువైపులా తెగకుండా అమర్చే విధానం

పొరుగు నెట్‌వర్కుతో మీ రౌటర్ నెలకొల్పే బీజీపీ (నెట్‌వర్కులు తమ దారుల సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే ప్రోటోకాల్) సెషన్ టీసీపీ 179వ పోర్టు మీద నడుస్తుంది. ఆ సంభాషణ ఒకే లింకుకు చెరోవైపున ఉన్న రెండు రౌటర్లకు మాత్రమే సంబంధించినదైనా, పొరుగు రౌటర్ చిరునామాను మూల చిరునామాగా దొంగతనంగా రాసుకుని, ఎక్కడో నాలుగు దేశాల అవతల ఉన్న యంత్రం కూడా మీ 179వ పోర్టుకు ప్యాకెట్లు పంపగలదు. దారిలోని రౌటర్లు గమ్యాన్ని చూసి ముందుకు నెడతాయే గాని, మూల చిరునామా నిజమైనదేనా అని అన్నిచోట్లా పరీక్షించవు. అలా వచ్చిన వాటిలో సీక్వెన్స్ సంఖ్య టీసీపీ విండోలో (స్వీకర్త ఆ క్షణంలో ఒప్పుకునే సంఖ్యల పరిధిలో) పడిన ఒక్క ఆర్‌ఎస్‌టీ (కనెక్షన్‌ను తెంపమనే) ప్యాకెట్ చాలు సెషన్ తెగిపోవడానికి. సీవీఈ-2004-0230గా నమోదైన బలహీనత ఇదే. రోజుల తరబడి తెగకుండా నిలిచే సెషన్లు, పెద్ద విండోలు, ముందే తెలిసిన పోర్టు సంఖ్య ఉండటం వల్ల బీజీపీ దానికి సులభమైన లక్ష్యమైంది. సెషన్ తెగకపోయినా, దొంగ ప్యాకెట్ల వరదను పరిశీలించి పారేయడంలోనే రౌటర్ ప్రాసెసర్ అలసిపోయే ప్రమాదం ఉంటుంది.

ఈ బెడదకు అతి తక్కువ ఖర్చుతో దొరికే అడ్డుగోడ టీటీఎల్ భద్రత. దీని ప్రామాణిక నామం జనరలైజ్డ్ టీటీఎల్ సెక్యూరిటీ మెకానిజం, క్లుప్తంగా జీటీఎస్‌ఎం. 2004లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) 3682గా ప్రయోగాత్మక స్థాయిలో వచ్చి, 2007లో ఆర్‌ఎఫ్‌సీ 5082గా ప్రమాణాల బాటలోకి చేరింది. దీని వెనుక ఉన్నది చిన్న లెక్క మాత్రమే. ఐపీ హెడరులోని టీటీఎల్ (టైమ్ టు లివ్, ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే) గడి ఎనిమిది బిట్లది కాబట్టి 255ను మించిన విలువ అందులో పట్టదు. ప్యాకెట్‌ను ముందుకు పంపే ప్రతి రౌటర్ ఆ విలువను ఒకటి చొప్పున తగ్గిస్తుంది. దాన్ని మళ్లీ పెంచే రౌటర్ దారిలో ఉండదు. పొరుగు రౌటర్ 255తో పంపితే, మధ్యలో మరో రౌటర్ లేదు గనుక మీకు 255తోనే చేరుతుంది. పది రౌటర్ల అవతల ఉన్న దుండగుడు ఎంత ప్రయత్నించినా అతని ప్యాకెట్ 245కు మించి మీ దగ్గరికి రాలేదు. కాబట్టి 255 కంటే తక్కువ విలువతో వచ్చిన బీజీపీ ప్యాకెట్‌ను పారేస్తే, దూరం నుంచి వచ్చే దొంగ ప్యాకెట్లన్నీ అక్కడితో ఆగిపోతాయి.

ఇక్కడ చాలామంది ఒక సందేహం లేవనెత్తుతారు: ఈబీజీపీ (వేర్వేరు నెట్‌వర్కుల మధ్య నడిచే బీజీపీ) ప్యాకెట్లు సహజంగా టీటీఎల్ 1తోనే వెళ్తాయి కదా, అది రక్షణ కాదా? కాదు. మీ రౌటర్ 1తో పంపడం వల్ల మీ సమాధానాలు దూరం వెళ్లకుండా ఆగుతాయి, అంతే. మీ దగ్గరికి వచ్చేదాన్ని అది ఆపదు. దూరం ఎన్ని హాపులో (దారిలో ఎన్ని రౌటర్ల అడుగులో) అంచనా వేసినవాడు తన ప్యాకెట్ సరిగ్గా 1తో చేరేలా, లేదా 200తో చేరేలా పంపుకోవచ్చు, మీ రౌటర్ రెండింటినీ స్వీకరిస్తుంది. రక్షణ పుట్టేది వచ్చే విలువకు కనిష్ఠ హద్దు పెట్టినప్పుడే. అంటే టీటీఎల్ భద్రతలో రెండు వేర్వేరు పనులు ఉన్నాయి: 255తో పంపడం ఒకటి, తక్కువ విలువతో వచ్చినదాన్ని పారేయడం రెండోది. చాలా రౌటర్లలో ఒకే ఆజ్ఞ ఈ రెండింటినీ కలిపి చేస్తుంది. సెషన్లు తెగే సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ కలయికను గమనించకపోవడం వల్లనే వస్తాయి గనుక, కింది విధానమంతా ఆ రెండింటినీ మనసులో విడదీసి ఉంచుకుని రాసినదే.

ఆజ్ఞలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాను. రౌటర్‌లో వాటిని ఆంగ్ల అక్షరాల్లో, హైఫన్లు ఉన్నచోట ఉన్నట్టే టైపు చేయాలి. ఉదాహరణల్లోని చిరునామాలు 192.0.2.1, 192.0.2.2, ఏఎస్ (బీజీపీలో ఒక్కో నెట్‌వర్కును గుర్తించే) సంఖ్యలు 64500, 64501 పత్రాలలో వాడుకోవడానికి కేటాయించినవి. వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

మొదటి పని: ఏ సెషన్‌కు వర్తిస్తుందో తేల్చుకోవడం

ముందుగా మీ రౌటర్‌లోని బీజీపీ పొరుగువారందరి జాబితా తీసి, ఒక్కొక్కరి పక్కన ఆ సెషన్ ఏ రకమో రాయండి. ఒకే లింకు మీద, ఒకే సబ్‌నెట్‌లోని ఇంటర్‌ఫేస్ చిరునామాల మధ్య నడిచే ఈబీజీపీ సెషన్‌కు టీటీఎల్ భద్రత చక్కగా అతుకుతుంది. మీరు మొదలుపెట్టవలసినది వీటితోనే. లూప్‌బ్యాక్ (ఏ భౌతిక లింకుకూ చెందని, రౌటర్ లోపలి) చిరునామాల మధ్య నడిచే ఈబీజీపీకి కూడా పెట్టవచ్చు గాని కొలిచి చూసుకోవాలి. మధ్యలో ఇతర రౌటర్లున్న మల్టీహాప్ సెషన్లకు పెట్టవచ్చా అన్నది ఎన్ని హాపులన్న దాన్నిబట్టి ఉంటుంది. ఐబీజీపీ (ఒకే నెట్‌వర్కు లోపలి రౌటర్ల మధ్య నడిచే బీజీపీ) విషయానికొస్తే, సెషన్ దారి మీ లోపలి రౌటింగ్ మారినప్పుడల్లా మారుతుంది, హాపుల సంఖ్య స్థిరంగా ఉండదు. పైగా సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్ పత్రాల ప్రకారం టీటీఎల్ భద్రత ఆజ్ఞ ఐబీజీపీ పొరుగువారికి వర్తించదు. అక్కడ సరిహద్దు ఇంటర్‌ఫేస్‌లపై ఫిల్టర్లు పెట్టుకోవడమే మేలు.

ఐపీవీ6 సెషన్లను విడిగా లెక్కపెట్టండి. అక్కడ ఆ గడి పేరు హాప్ లిమిట్, లెక్క మాత్రం అదే. ఐపీవీ4 సెషన్‌కు భద్రత పెట్టి, అదే పొరుగువారితో ఉన్న ఐపీవీ6 సెషన్‌ను మరచిపోవడం చాలా మామూలుగా కనిపించే లోపం.

రెండో పని: ఇప్పుడు ఏ విలువతో వస్తోందో చూడడం

ఏదీ మార్చకముందే, పొరుగువారి ప్యాకెట్లు మీ దగ్గరికి ఏ టీటీఎల్‌తో చేరుతున్నాయో కళ్లతో చూసుకోవాలి. లినక్స్ ఆధారిత రౌటర్ అయితే ప్యాకెట్లను పట్టి చూపే సాధనమైన టీసీపీడంప్‌ను వివరాలు చూపే ఐచ్ఛికంతో, ‘టీసీపీ పోర్ట్ 179’ అనే ఫిల్టర్‌తో నడిపితే ప్రతి ప్యాకెట్ పక్కన టీటీఎల్ కనబడుతుంది. నేరుగా కలిసిన ఈబీజీపీ పొరుగువారి నుంచి 1 కనబడితే వారు ఇంకా ఏమీ పెట్టలేదని అర్థం. 255 కనబడితే వారు ఇప్పటికే జీటీఎస్‌ఎం పెట్టి ఉండవచ్చు, లేదా మల్టీహాప్ 255 పెట్టి ఉండవచ్చు. ఈ రెండింటినీ ప్యాకెట్ చూసి వేరుచేయలేం, అడిగి తెలుసుకోవలసిందే. తక్కువ విలువతో వచ్చేవాటిని మాత్రమే వడకట్టి చూడాలంటే ‘టీసీపీ పోర్ట్ 179 అండ్ ఐపీ[8] < 255’ అని రాయవచ్చు. ఐపీవీ4 హెడరులో సున్నా నుంచి లెక్కిస్తే ఎనిమిదో బైటు టీటీఎల్‌ది. వచ్చిన ప్యాకెట్లను మాత్రమే చూడటానికి మూల చిరునామా షరతును కూడా జోడించండి, లేకపోతే మీ రౌటర్ పంపినవి కూడా కలిసిపోయి గందరగోళం అవుతుంది.

లూప్‌బ్యాక్ సెషన్లకు ఈ కొలత తప్పనిసరి. ఫార్వర్డ్ చేసినప్పుడే టీటీఎల్ తగ్గాలి, తనకోసం వచ్చిన ప్యాకెట్‌ను స్వీకరించినప్పుడు తగ్గకూడదు. ఆ లెక్కన నేరుగా కలిసిన రెండు రౌటర్ల లూప్‌బ్యాక్‌ల మధ్య కూడా విలువ తగ్గకూడదు. అయితే పరికరం నిర్మాణాన్నిబట్టి ఒకటి తగ్గి కనిపించే సందర్భాలు ఉన్నాయి కాబట్టి పుస్తక జ్ఞానాన్ని కాక టీసీపీడంప్‌నే నమ్మండి.

మూడో పని: హాప్ అంటే ఎవరి లెక్క?

ఈ భాగాన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే ‘హాప్స్ 1’ అన్న ఒకే మాటను తయారీదారులు ఒకే విధంగా లెక్కించరు. సిస్కో ఐఓఎస్ 255 నుంచి హాపుల సంఖ్యను తీసివేస్తుంది: హాప్స్ 1 అంటే 254, ఆపై విలువలు చెల్లుతాయి, హాప్స్ 2 అంటే 253, ఆపై. లినక్స్ మీద నడిచే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌ఆర్ అదే ఆజ్ఞా రూపాన్ని వాడుతూనే 256 నుంచి తీసివేస్తుంది: హాప్స్ 1 అంటే 255 మాత్రమే చెల్లుతుంది. హువావే కూడా హాప్స్ 1కి 255నే కనిష్ఠంగా తీసుకుంటుంది. నోకియా ఎస్‌ఆర్ ఓఎస్‌లో హాపుల ప్రసక్తే లేదు, కనిష్ఠ టీటీఎల్ విలువనే నేరుగా రాయాలి. నా దృష్టిలో అన్నింటికంటే స్పష్టమైన పద్ధతి అదే. జునిపర్ రౌటర్ల జూనోస్‌లో మీరు రాసే ఫిల్టరే లెక్క.

ఈ తేడా వల్ల నేరుగా కలిసిన సెషన్లలో చిక్కేమీ రాదు, ఎందుకంటే 255తో వచ్చినదాన్ని అందరూ ఒప్పుకుంటారు. కానీ ఐఓఎస్ వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: హాప్స్ 1 పెట్టినా పొరుగు రౌటర్‌కు అవతల ఒక్క అడుగు దూరంలో ఉన్న యంత్రం పంపిన ప్యాకెట్ 254తో చేరి చెల్లుతుంది. హాప్స్ 0 అని రాసే వీలు అక్కడ లేదు. ఆ ఒక్క అడుగును కూడా మూసేయాలనుకుంటే టీటీఎల్ విలువను పోల్చగలిగే ఎక్స్‌టెండెడ్ యాక్సెస్ లిస్టును ఇంటర్‌ఫేస్ మీద పెట్టవచ్చు. నేనైతే ట్రాన్సిట్ ఇచ్చే పెద్ద పొరుగువారి లింకుల మీద దాన్ని పెడతాను, మిగతాచోట్ల పట్టించుకోను.

నాలుగో పని: పొరుగువారితో ముందే మాట్లాడుకోవడం

మీరొక్కరే ఈ భద్రత పెడితే ఏమవుతుందో చూడండి. మీ ప్యాకెట్లు 255తో వెళ్తాయి, పొరుగు రౌటర్ వాటిని ఆనందంగా స్వీకరిస్తుంది. పొరుగు రౌటర్ మాత్రం ఎప్పటిలాగే 1తో పంపుతుంది, వాటిని మీ రౌటర్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. కీప్‌అలైవ్‌లు (బతికే ఉన్నానని చెప్పే సందేశాలు) అందక, వాటికోసం ఎదురుచూసే మీ హోల్డ్ టైమర్ తీరిపోయి సెషన్ తెగిపోతుంది. సిస్కోలో ఆ టైమర్ మామూలుగా 180 సెకన్లు, జూనోస్‌లో 90. ఇరువైపుల తయారీదారులు వేరైతే చిన్న సంఖ్యే అమల్లో ఉంటుంది. ఈ ఆలస్యమే మోసం చేస్తుంది: ఆజ్ఞ ఇచ్చిన వెంటనే అంతా బాగానే ఉన్నట్టు కనబడి, మీరు కాన్ఫిగరేషన్ దాచి లేచి వెళ్లాక సెషన్ పడిపోతుంది.

కాబట్టి పొరుగువారి నెట్‌వర్క్ నిర్వహణ కేంద్రానికి రాసి, ఏ సమయంలో ఎవరు ముందు మార్చాలో, ఎన్ని హాపులో, వారి పరికరంలో ఈ సౌకర్యం ఉందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఈ మార్పు సెషన్‌ను తెంపుతుందనే అనుకుని మెయింటెనెన్స్ సమయం తీసుకోండి, తెగకపోతే సంతోషం. ఆ లింకు మీద ట్రాఫిక్ ఎక్కువగా ఉంటే, ఆర్‌ఎఫ్‌సీ 8326లో చెప్పిన గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ కమ్యూనిటీ 65535:0ను ముందుగా ప్రకటించి ట్రాఫిక్‌ను వేరే దారికి మళ్లించాక పని మొదలుపెట్టండి. రౌటర్‌లోకి మీరు చేరే దారి ఆ సెషన్ మీదే ఆధారపడి ఉంటే కన్సోల్ కేబులో, వేరే లింకు మీది నిర్వహణ దారో సిద్ధంగా ఉండాలి.

ఇరువైపులా ఒకే క్షణంలో మార్చడం కుదరదనుకుంటే, పంపడాన్నీ పరీక్షించడాన్నీ విడదీసే ఉపాయం ఉంది. ఇరువైపులా ఐఓఎస్ అయితే ముందుగా ఇద్దరూ తమకు వీలైనప్పుడు హాప్స్ 254 పెట్టుకోవచ్చు. 255 నుంచి 254 తీసివేస్తే 1, అంటే ఆ రౌటర్ 255తో పంపుతూనే 1తో వచ్చినదాన్ని కూడా ఒప్పుకుంటుంది. ఇద్దరూ ఆ స్థితికి చేరాక, ఎవరికి వీలైనప్పుడు వారు 254ను 1కి తగ్గించుకుంటారు. అదే ఉపాయాన్ని ఎఫ్‌ఆర్‌ఆర్ మీద ప్రయోగిస్తే సెషన్ పడిపోతుంది: అక్కడ 256 నుంచి 254 తీసివేస్తే 2 వస్తుంది, 1తో వచ్చే ప్యాకెట్ ఒక్క అంకె తేడాతో బయటే ఉండిపోతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్ వైపు వారు ముందుగా ఈబీజీపీ-మల్టీహాప్ 255 పెట్టి 255తో పంపడం మొదలుపెడితే, అవతలివారు తమ భద్రతను నిశ్చింతగా అమర్చుకోవచ్చు. ఆ తరువాత ఎఫ్‌ఆర్‌ఆర్ వారు మల్టీహాప్ తీసి టీటీఎల్ భద్రతకు మారాలి. ఆ మధ్యకాలాన్ని నెలల తరబడి సాగనివ్వకండి, ఎందుకంటే మల్టీహాప్ 255 అంటే ఆ వైపు ఏ రక్షణా లేకపోగా, పొరుగు రౌటర్ నేరుగా కలిసి ఉందా అన్న తనిఖీ కూడా పోతుంది.

ఐదో పని: అమర్చడం

సిస్కో ఐఓఎస్‌లో, ఎఫ్‌ఆర్‌ఆర్‌లో రూపం ఒకటే:

రౌటర్ బీజీపీ 64500
నైబర్ 192.0.2.2 రిమోట్-ఏఎస్ 64501
నైబర్ 192.0.2.2 టీటీఎల్-సెక్యూరిటీ హాప్స్ 1

అదే పొరుగువారికి ఈబీజీపీ-మల్టీహాప్ ఇప్పటికే ఉంటే ఈ ఆజ్ఞ పనిచేయదు, రెండూ కలిసి ఉండవు. ముందు దాన్ని తీసివేయాలి. పీర్ గ్రూప్ మీద పెడితే అందులోని పొరుగువారందరికీ ఒకేసారి వర్తిస్తుందని, వారిలో ఒక్కరు సిద్ధంగా లేకపోయినా వారి సెషన్ పోతుందని గుర్తుంచుకోండి. మార్పిడి పూర్తయ్యేవరకు ఒక్కొక్కరికి విడిగా పెట్టి, అందరూ మారాక గ్రూపులోకి చేర్చడం మంచిది.

సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో నైబర్ విభాగంలోకి వెళ్లి టీటీఎల్-సెక్యూరిటీ అని మాత్రమే రాయాలి, హాపుల సంఖ్య ఉండదు. నేరుగా కలిసిన పొరుగువారికే అది. హువావేలో ‘పీర్ 192.0.2.2 వ్యాలిడ్-టీటీఎల్-హాప్స్ 1’. మరో రౌటింగ్ సాఫ్ట్‌వేర్ బర్డ్‌లో బీజీపీ ప్రోటోకాల్ బ్రాకెట్ల మధ్య ‘టీటీఎల్ సెక్యూరిటీ ఆన్’ అని రాసి సెమికోలన్ పెడితే చాలు. అక్కడ మల్టీహాప్‌తో కలిపి కూడా వాడుకోవచ్చు, అప్పుడు మల్టీహాప్ పక్కన రాసిన సంఖ్యనుబట్టే కనిష్ఠ విలువ లెక్కకట్టబడుతుంది. బర్డ్, ఎఫ్‌ఆర్‌ఆర్ రెండూ ఈ పరీక్షను లినక్స్ కెర్నల్‌కే అప్పగిస్తాయి; ఐపీవీ4కు 2.6.34, ఐపీవీ6కు 2.6.35 నుంచి కెర్నల్‌లో ఆ సౌకర్యం ఉంది కాబట్టి ఈనాటి ఏ పంపిణీలోనైనా ఇబ్బంది రాదు.

జూనోస్ కథ కాస్త పొడవు, కానీ పంపడం, పరీక్షించడం విడివిడిగా ఉండటం అక్కడి సుఖం. ముందుగా పంపే విలువ:

సెట్ ప్రోటోకాల్స్ బీజీపీ గ్రూప్ సరిహద్దు టీటీఎల్ 255

గ్రూపు పేరు మీది మీరు పెట్టుకోండి. ఇది పొరుగువారిని ఏమాత్రం బాధించదు కాబట్టి ముందురోజే చేసి ఉంచవచ్చు. తరువాత ఫ్యామిలీ ఐనెట్ కింద ఒక ఫైర్‌వాల్ ఫిల్టర్ రాయాలి. అందులో మొదటి టర్మ్ (నియమం) షరతులు నాలుగు: సోర్స్-అడ్రస్ 192.0.2.2/32, ప్రోటోకాల్ టీసీపీ, పోర్ట్ 179, టీటీఎల్-ఎక్సెప్ట్ 255. ఆ నాలుగూ కలిసినదాన్ని కౌంట్ చేసి డిస్కార్డ్ చేయమని చెప్పాలి. ఐపీవీ6కు ఐనెట్6 కింద మరో ఫిల్టర్ రాసి, హాప్-లిమిట్-ఎక్సెప్ట్ 255 వాడాలి. ఈ ఫిల్టర్‌ను ఆ పొరుగువారివైపు ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌కు తగిలించండి. లూప్‌బ్యాక్ మీద ఇప్పటికే రక్షణ ఫిల్టర్ ఉంటే, బీజీపీని అనుమతించే టర్మ్ కంటే పైన ఈ టర్మ్‌ను చొప్పించండి. కింద పెడితే పై టర్మ్ ముందే అనుమతించేస్తుంది గనుక ఇది ఎన్నటికీ పనిచేయదు.

జూనోస్ ఫిల్టర్ చివర కనబడని నిషేధం ఒకటి ఉంటుంది, ఏ టర్మ్‌కూ సరిపడనిది పారవేయబడుతుంది. కొత్తగా రాసిన ఫిల్టర్‌లో చివరి టర్మ్ ‘దెన్ యాక్సెప్ట్’ లేకుండా ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తే ఆ లింకు మీది ట్రాఫిక్ అంతా ఆగిపోతుంది. అందుకని ఇక్కడ ‘కమిట్ కన్ఫర్మ్‌డ్ 5’ వాడడం విధిగా పెట్టుకోండి: ఐదు నిమిషాల్లో మీరు మళ్లీ కమిట్ చేయకపోతే పాత అమరిక దానంతట అదే తిరిగి వస్తుంది.

ఆరో పని: నిజంగా పనిచేస్తోందని తేల్చుకోవడం

సెషన్ ఎస్టాబ్లిష్డ్ అని చూపించినంత మాత్రాన భద్రత అమల్లో ఉన్నట్టు కాదు. ఐఓఎస్‌లో ‘షో ఐపీ బీజీపీ నైబర్స్ 192.0.2.2’ ఫలితంలో లోపలికి వచ్చే కనిష్ఠ టీటీఎల్, బయటికి వెళ్లే టీటీఎల్ ఒకే వరుసలో ఉంటాయి. హాప్స్ 1కి అవి 254, 255గా కనబడాలి. 0, 1 అని కనబడితే ఆజ్ఞ అంటుకోలేదన్నమాట. ఆ వరుసను వడకట్టి చూడాలనుకుంటే ‘ఇన్‌క్లూడ్ టీటీఎల్’ అని రాయండి. ఐఓఎస్‌లో ‘మినిమమ్’ అన్న మాట అచ్చుతప్పుతో ముద్రితమయ్యే వెర్షన్లు ఉన్నాయి, వాటిలో ఆ మాటతో వెతికితే ఏమీ దొరకదు. లినక్స్ మీద ఎన్‌స్టాట్ చూపే లెక్కల్లో టీసీపీమిన్‌టీటీఎల్‌డ్రాప్ అనే గణకం తక్కువ విలువ వల్ల పారేసిన ప్యాకెట్ల సంఖ్యను చెబుతుంది. జూనోస్‌లో మీరు పెట్టిన కౌంటరే సాక్ష్యం.

ఆ కౌంటర్లు సున్నా దగ్గరే ఉంటే, దాడి లేక సున్నానా, పరీక్షే జరగక సున్నానా అని ఎలా తెలుస్తుంది? అందుకే ప్రయోగశాలలో ఒకసారి తప్పుడు ప్యాకెట్ పంపి చూడాలి. పొరుగు స్థానంలో ఎఫ్‌ఆర్‌ఆర్ నడిచే లినక్స్ యంత్రాన్ని పెట్టి, ఐపీటేబుల్స్‌లోని మ్యాంగిల్ పట్టిక అవుట్‌పుట్ గొలుసులో బయటికి వెళ్లే బీజీపీ ప్యాకెట్ల టీటీఎల్‌ను మార్చే నియమం రాయండి. పరీక్షించే రౌటర్ ఐఓఎస్ అయితే 253కు, ఎఫ్‌ఆర్‌ఆర్ అయితే 254కు మార్చండి. 179 గమ్య పోర్టుగా ఉన్న నియమం ఒకటి, మూల పోర్టుగా ఉన్న నియమం మరొకటి, రెండూ కావాలి. టీసీపీ కనెక్షన్‌ను ఎవరు మొదలుపెట్టారన్నదాన్నిబట్టి 179 అటో ఇటో ఉంటుంది. హోల్డ్ టైమర్ తీరగానే సెషన్ పడిపోవాలి. నడుస్తున్న నెట్‌వర్క్‌లో ఈ పరీక్ష చేయకండి.

సెషన్ లేవకపోతే

పింగ్ చక్కగా పోతూ బీజీపీ మాత్రం యాక్టివ్, కనెక్ట్ స్థితుల మధ్య ఊగుతుంటే, ఇటీవలే ఎవరో ఒకరు టీటీఎల్ భద్రత పెట్టారేమోనని మొదట అనుమానించండి. పింగ్ 179వ పోర్టు మీద వెళ్లదు కాబట్టి దానికి ఈ నియమం తగలదు. లాగ్‌లో కనబడే సందేశం తరచు తప్పుదారి పట్టిస్తుంది: పరీక్ష పెట్టిన రౌటర్ కీప్‌అలైవ్‌లు రాలేదని భావించి ‘హోల్డ్ టైమర్ ఎక్స్‌పైర్డ్’ నోటిఫికేషన్‌ను 255తో పంపుతుంది, అది భద్రంగా చేరుతుంది, దాన్ని అందుకున్న రౌటర్ నిర్వాహకుడు తన పెట్టెలోనే కీప్‌అలైవ్‌లు ఆగిపోయాయనుకుని ప్రాసెసర్ వాడకాన్ని తవ్వడం మొదలుపెడతాడు. నోటిఫికేషన్ ఎవరు పంపారో చూడండి, పరీక్ష సాధారణంగా ఆ వైపే ఉంటుంది. ఆ తరువాత అక్కడ టీసీపీడంప్ పెడితే సిన్-యాక్‌లు తక్కువ టీటీఎల్‌తో వచ్చి పడుతున్నా కనెక్షన్ ముందుకు కదలకపోవడం కనబడుతుంది. ఎండీ5 (టీసీపీ ప్యాకెట్లను పాస్‌వర్డుతో ధ్రువీకరించే పాత పద్ధతి) పాస్‌వర్డు పొరపాటు కూడా ఇలాంటి మౌనాన్నే సృష్టిస్తుంది గాని, దానికి సిస్కోలో బ్యాడ్‌ఆత్ అనే లాగ్ సందేశం వస్తుంది. టీటీఎల్ పరీక్ష అలా చెప్పిపోదు.

హాపులు పెరిగేకొద్దీ

మధ్యలో రెండు రౌటర్లున్న మల్టీహాప్ సెషన్‌లో ప్యాకెట్ 253తో చేరుతుంది. అంటే మీ పరీక్ష 253ను ఒప్పుకోవాలి, ఒప్పుకున్న క్షణమే రెండు రౌటర్ల దూరం లోపల ఉన్న ప్రతి యంత్రమూ ఆ గుమ్మం దాటగలదు. దారి మారి ఒక హాప్ పెరిగితే సెషన్ పడిపోతుందన్న భయంతో ఇంకో రెండు కలిపి పెడితే గుమ్మం మరింత వెడల్పవుతుంది. మూడు నాలుగు హాపులు దాటాక ఈ పద్ధతికి నేను పెద్ద విలువ ఇవ్వను. అక్కడ టీసీపీ-ఏఓ (ప్యాకెట్ పంపినవారిని రహస్య తాళంతో ధ్రువీకరించే పద్ధతి) పెట్టుకోవాలి, అది లేని పరికరాల్లో పాత ఎండీ5 అయినా పెట్టుకోవాలి, వాటితోపాటు పొరుగు చిరునామా నుంచి తప్ప 179వ పోర్టును తెరవని ఫిల్టర్ ఉండాలి.

ఇది చేయలేని పనులు

టీటీఎల్ ప్యాకెట్ ఎంత దగ్గరి నుంచి వచ్చిందో చెబుతుంది, ఎవరు పంపారో చెప్పదు. హైదరాబాదులోనూ ఉన్న నిక్సీ వంటి ఇంటర్నెట్ ఎక్స్చేంజీలలో సభ్యులందరూ ఒకే లేయర్-2 నెట్‌వర్క్ మీద ఉంటారు కాబట్టి, వారిలో ఎవరి రౌటర్ నుంచి వచ్చిన దొంగ ప్యాకెట్ అయినా 255తోనే చేరుతుంది. అక్కడ బయటి ప్రపంచం నుంచి రక్షణ దొరుకుతుంది, తోటి సభ్యుల నుంచి దొరకదు. ఎండీ5 లేదా టీసీపీ-ఏఓ కూడా అవసరమే. టన్నెళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి: జీఆర్‌ఈ వంటి టన్నెల్‌లో లోపలి ప్యాకెట్ టీటీఎల్ దారి పొడవునా తగ్గదు, కాబట్టి టన్నెల్ బయటి చిరునామాలను నకలు చేసి ప్యాకెట్ చొప్పించగలిగినవాడు ఎంత దూరంలో ఉన్నా లోపల 255తో దిగుతాడు. టన్నెల్ మీద నడిచే బీజీపీకి ఐపీసెక్ (ప్యాకెట్లను ధ్రువీకరించి గుప్తీకరించే పద్ధతి) లేకుండా టీటీఎల్ భద్రత పెట్టి నిశ్చింతగా ఉండడం సరికాదు. ఇక పొరుగువారు తప్పుడు రూట్లు ప్రకటిస్తే ఈ పరీక్ష వాటిని ఆపదు. అది ప్రిఫిక్స్ ఫిల్టర్ల పని, ఏ చిరునామాలను ఎవరు ప్రకటించవచ్చో ధ్రువీకరించే ఆర్‌పీకేఐ పని.

పరీక్ష ఎక్కడ జరుగుతుందన్నది కూడా అడిగి తెలుసుకోండి. ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లోని ఎల్‌పీటీఎస్ (రౌటర్‌కోసమే వచ్చిన ప్యాకెట్లను వడకట్టే ఏర్పాటు), జూనోస్ ఫిల్టర్ వంటివి ప్యాకెట్ ప్రాసెసర్‌ను చేరకముందే పారేయగలవు. పరీక్ష సాఫ్ట్‌వేర్‌లోనే జరిగే పెట్టెల్లో సెషన్ తెగకుండా కాపాడబడుతుంది గాని, వరదలా వచ్చే ప్యాకెట్ల భారం ప్రాసెసర్ మీదే పడుతుంది; అలాంటిచోట ప్రాసెసర్‌కు చేరే ప్యాకెట్లకు పరిమితి పెట్టే కంట్రోల్ ప్లేన్ పోలీసింగ్‌ను కూడా తప్పక అమర్చాలి.

అదే లింకు మీద బీఎఫ్‌డీ (లింకు తెగితే త్వరగా పసిగట్టే ప్రోటోకాల్) నడుపుతుంటే దానికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కరలేదు, ఆర్‌ఎఫ్‌సీ 5881 ప్రకారం ఒక్క హాప్ బీఎఫ్‌డీ మొదటి నుంచీ 255తోనే పంపుతుంది. లోపలి రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ (నెట్‌వర్కు లోపలి దారులను ఎంచే రౌటింగ్ ప్రోటోకాల్) ఉంటే, ఐఓఎస్‌లో రౌటర్ ఓఎస్‌పీఎఫ్ విభాగంలో ‘టీటీఎల్-సెక్యూరిటీ ఆల్-ఇంటర్‌ఫేసెస్ హాప్స్ 254’తో మొదలుపెట్టి, అన్ని రౌటర్లూ ఆ స్థితికి చేరాక సంఖ్యను 1కి దించండి. ఓఎస్‌పీఎఫ్ ప్యాకెట్లు సహజంగా 1తో వెళ్తాయి గనుక బీజీపీకి చెప్పిన రెండంచెల క్రమమే ఇక్కడా వర్తిస్తుంది. చివరగా, ప్రతి పొరుగువారి వివరాల పత్రంలో టీటీఎల్ భద్రత పెట్టిన తేదీ, హాపుల సంఖ్య, అవతలివారి పరికరం ఏదన్నది రాసి ఉంచండి. వారు రేపు రౌటర్ మార్చి పాత అమరికను మరచిపోయినప్పుడు, అర్ధరాత్రి ఫోన్ ఎత్తే మీ సహోద్యోగికి ముందుగా కావలసింది ఆ మూడు వివరాలే.